బ్రెస్ట్ క్లినిక్ పిలుపు కోసం ఎదురుచూపు, నిద్ర పట్టట్లేదు, ఎలా గడిపారు మీరంతా?

లెస్టర్ బెజవాడమ్మాయి:
నమస్తే అండి అందరికీ. యూకేలో ఉన్న మన తెలుగువాళ్ల ఈ ఫోరమ్‌లో వీసా సంగతులు, స్కూల్ అడ్మిషన్ల సంగతులు చదువుకుని పోతుంటాను, రాయడం ఇదే మొదలు. వయసు 43, ఇద్దరు పిల్లలు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చంక వైపు చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. కదులుతోందో లేదో కూడా తెలియట్లేదు, అస్తమానం నొక్కి చూసుకోవడంతో ఇప్పుడు అక్కడంతా సలుపుతోంది. జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్తే ఆవిడ చూసి, పెద్దగా మాట్లాడకుండానే బ్రెస్ట్ క్లినిక్‌కి అర్జెంట్‌గా రాస్తున్నానంది. ఇంటికొచ్చి ఎన్‌హెచ్‌ఎస్ యాప్ తెరిస్తే అందులో క్యాన్సర్ అనుమానం అని రాసి ఉంది. కాళ్లూ చేతులూ ఆడలేదు.

మా పిన్ని దీంతోనే పోయింది. అమ్మకి ఇంకా చెప్పలేదు. మా ఆయన "ఏం కాదులే, ఊరికే భయపడకు" అంటాడు, ఆ మాట వింటే ఇంకా ఒళ్లు మండుతుంది. పగలు ఆఫీసు పనిలో ఎలాగో గడిచిపోతుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోను పట్టుకున్నానంటే తెల్లవారుజాము దాకా అదే వెతుకులాట. డేట్ ఇంకా రాలేదు. ఈ మధ్యలో రోజులు ఎలా గడపాలో గడిపినవాళ్లు చెప్పండి. ధైర్యం చెప్పేవాళ్లు ఇంట్లో చాలామంది ఉన్నారు, మీరు ఏం చేశారో చెప్పండి చాలు.

మాంచెస్టర్ నర్సమ్మ:
చెల్లీ, నేను ఔట్ పేషెంట్ వార్డులో నర్సుని, సొంతూరు నెల్లూరు. ముందు ఆ యాప్‌లో మాట సంగతి చెప్తాను. ఇక్కడ జీపీ చేతిలో ఉన్న దారులు తక్కువ. 30 ఏళ్లు దాటిన ఎవరికైనా రొమ్ములో కారణం తెలియని గడ్డ తగిలితే, నొప్పి ఉన్నా లేకపోయినా, క్యాన్సర్ అనుమానం అనే దారిలోనే పంపాలని వాళ్లకున్న నియమం. మీ గడ్డని చూసి ఆవిడ ప్రత్యేకంగా ఏదో కనిపెట్టిందని కాదు. ఇలా బ్రెస్ట్ క్లినిక్‌కి వచ్చే పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు. నీటి తిత్తులు (సిస్టులు), ఫైబ్రోఅడినోమాలు (క్యాన్సర్ కాని గట్టి గడ్డలు), హార్మోన్ల వల్ల వచ్చే గట్టిదనం, ఇవే ఎక్కువ. మీ వయసులో అయితే సిస్టులు మరీ ఎక్కువగా కనిపిస్తాయి.

ఆ పదోమనిషి నేనైతే ఏంటి అని అడుగుతారని తెలుసు. దానికి నా దగ్గర జవాబు లేదు, క్లినిక్ చెప్పాల్సిందే.

ఇక డేట్ సంగతి. ఇంగ్లండ్‌లో ఇదివరకు రెండు వారాల్లో స్పెషలిస్టు చూడాలని లెక్క ఉండేది. 2023 అక్టోబర్ నుంచి అది తీసేసి, రాసిన రోజు నుంచి 28 రోజుల్లోపు క్యాన్సర్ ఉందో లేదో మనకి చెప్పాలనే లెక్క పెట్టారు. అన్ని ఊళ్లలో అన్నిసార్లూ అది అందుతుందని అనను. అందుకే వారం గడిచినా కబురు లేకపోతే జీపీ రిసెప్షన్‌కి ఫోన్ చేసి "రెఫరల్ వెళ్లిందా, ఆసుపత్రి అందుకుందా" అని అడగండి, ఆసుపత్రి బుకింగ్ నంబర్ తీసుకోండి, ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ టైము నాకివ్వండి, ఒక గంట ముందు చెప్పినా వస్తాను అని చెప్పి పెట్టండి. ఇలా అడగడం తప్పేం కాదు, మొహమాటపడకండి.

ఇంకో మాట. ఆసుపత్రి నుంచి వచ్చే ఫోన్లకి చాలాసార్లు నంబర్ కనపడదు. మనవాళ్లందరం హోం ఆఫీసు (వీసాలు చూసే శాఖ) పేరుతో వచ్చే దొంగ ఫోన్లకి భయపడి నంబర్ లేని కాల్ ఎత్తం కదా. ఈ కొన్నాళ్లు మాత్రం ఎత్తండి.

స్లౌ సీతాకోక:
నర్సమ్మగారు చెప్పిన ఆఖరి మాట బంగారం. నా కాల్ అలాగే మిస్సయింది, వాయిస్ మెయిల్ కూడా పెట్టలేదు వాళ్లు.

నాది నిరుడు. నాక్కూడా అచ్చం మీలాగే, చంక వైపే. నేనేం చేశానంటే, చెప్తే నవ్వుతారు, వంటిల్లంతా దింపి కడిగాను. డబ్బాలన్నీ ఖాళీ చేసి, ఎండబెట్టి, పేర్లు అంటించి. ఎప్పుడో తెచ్చి మర్చిపోయిన ఉలవలు బయటపడ్డాయి. చేతులకి పని ఉన్నంతసేపు బుర్ర ఊరుకునేది. చివరికి అది సిస్టు అని తేలింది, అక్కడే సూదితో నీళ్లు లాగేశారు, గడ్డ కళ్లముందే మాయమైంది. నాకు అలా అయింది కాబట్టి మీకూ అలాగే అవుతుందని మాత్రం అనను, అలా అన్నవాళ్ల మీద నాకే చిరాకొచ్చేది అప్పట్లో.

వరంగల్ వదిన, రెడింగ్:
బెజవాడ చెల్లీ, ఇది రాయాల్నా వద్దా అని కొంచెం ఆలోచించిన. నాది క్యాన్సరే. 2021ల తెలిసింది, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయినయి, ఇప్పుడు రోజుకో గోళీ వేసుకుంట ఉద్యోగం చేసుకుంటున్న. నిన్ను భయపెట్టడానికి రాస్తలేను. నువ్వు రాత్రిపూట ఊహించుకునే ఆ చివరి మనిషిని నేను, మరి ఇగో, పొద్దున పప్పుచారు పెట్టి ఆఫీసుకి పోయి వచ్చి ఇక్కడ టైపు చేస్తున్న.

నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఏదంటే, కీమో కాదు, ఈ ఎదురుచూసే రోజులే. జబ్బు ఇదీ అని తెలిసినంక చేసేటందుకు ఏదో ఒకటి ఉంటది, ఫలానా రోజు ఫలానా చోటికి పోవాలె అని ఉంటది. ఇప్పుడు నీ చేతిల ఏం లేదు, అందుకే మనసు ఆగదు. కాబట్టి "నేను పిరికిదాన్ని, అందరూ ఇంత భయపడరేమో" అని మాత్రం అనుకోకు.

మీ ఆయన సంగతి. "ఏం కాదులే" అనుడు మనింట్ల మొగోళ్లందరికీ అలవాటు, ఆయన కూడా లోపల వణుకుతుంటడు. నువ్వే సూటిగా చెప్పు: "నాకు ధైర్యం చెప్పకు, క్లినిక్ రోజు సెలవు పెట్టు, పిల్లలని స్కూల్ నుంచి ఎవరు తెస్తరో చూడు" అని. పని అప్పజెప్తే వాళ్లు బాగనే చేస్తరు.

లెస్టర్ బెజవాడమ్మాయి:
వదినా, మీ పోస్టు చదివి ఏడ్చాను, కానీ మీరు రాయడం మంచిదైంది. నిన్న రాత్రి కాస్త నిద్రపోయాను.

నర్సమ్మగారూ, ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి రెఫరల్ ఇంకా పంపనేలేదంది! డాక్టర్ రాసిపెట్టిన ఉత్తరం ఎక్కడో ఆగిపోయిందట. నేనడక్కపోతే ఇంకెన్నాళ్లు అలా ఉండేదో. కోపం వచ్చింది, కానీ ఆ కోపంలో భయం కాసేపు పక్కకి పోయింది, అదో సుఖం.

పిన్ని సంగతి ఎవరూ ఏమీ అనలేదు. అది వంశంలో ఉంటే నాకు వచ్చే అవకాశం ఎక్కువే కదా?

మాంచెస్టర్ నర్సమ్మ:
పిన్నిగారికి ఏ వయసులో వచ్చింది? అమ్మకి, అమ్మమ్మకి, అక్కచెల్లెళ్లకి ఎవరికైనా ఉందా? రొమ్ము క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది లోపే. మొత్తం బంధువుల్లో ఒక్కరికే, అదీ 40 దాటాక వచ్చి ఉంటే, ఇక్కడి లెక్క ప్రకారం అది ప్రత్యేక జన్యు క్లినిక్‌కి పంపే విషయం కూడా కాదు. ఇద్దరు ముగ్గురికి వచ్చినా, చిన్న వయసులో వచ్చినా, అండాశయ క్యాన్సర్ కూడా ఉన్నా, అప్పుడు అడుగుతారు. ఏదైనా సరే ఒక కాగితం మీద ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ అని రాసుకుని వెళ్లండి. క్లినిక్‌లో అడిగినప్పుడు టెన్షన్‌లో గుర్తురాదు.

లెస్టర్ బెజవాడమ్మాయి:
పిన్నికి యాభై దాటాక వచ్చింది. ఇంకెవరికీ లేదు నాకు తెలిసి. అయితే ఆవిడ చాలా ఆలస్యంగా చూపించుకుంది, ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేక చీర కొంగు కప్పుకుని తిరిగిందట. తెలిసేసరికి పుండు పడింది.

తెనాలి అక్క:
నేను ఇండియాలోనే ఉంటాను, మా అమ్మాయి కోవెంట్రీలో ఉంటుంది, అందుకే ఇక్కడ చూస్తుంటాను. పిన్నిగారి కథ మా ఊళ్లో ప్రతి వీధిలోనూ ఉందమ్మా. మీరు గడ్డ తగలగానే వెళ్లారు, ఆవిడ వెళ్లలేదు. ఆ రెండూ ఒకటి కావు.

ఇక్కడ ఎదురుచూపు వేరే రకం. పొద్దున గడ్డ తగిలితే సాయంత్రానికి గుంటూరులో సోనోమామోగ్రామ్ (రొమ్ము స్కాన్) చేయించుకుని రిపోర్టు కవరు చేతిలో పట్టుకుని ఆటోలో కూర్చుంటాం. డాక్టరుని చూసేది మర్నాడు. ఆ రాత్రి రిపోర్టు మనమే చదువుకుంటాం. నా రిపోర్టులో బైరాడ్స్ 4ఏ అని ఉంది. నాలుగు అంటే చివరి దశేనని మా తోడికోడలు నిర్ధారించేసింది! అది దశ కానే కాదు, స్కాన్‌కిచ్చే మార్కు, 4ఏ అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు నుంచి పది అని డాక్టరు చెప్పాడు. బయాప్సీలో (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఫైబ్రోఅడినోమా అని వచ్చింది. అంచేత మీ అక్కడ కాగితం చేతికివ్వరని బాధపడకండి, ఇచ్చినా అదే బాధ.

అమ్మకి చెప్పొద్దు మాత్రం. నేను అమ్మనే, నాకు తెలుసు. ఫలితం వచ్చేదాకా మాకు చెప్తే మేం అక్కడికి రాలేం, ఇక్కడ అన్నం తినలేం, రోజూ ఫోన్ చేసి మిమ్మల్నే పీక్కుతింటాం.

గ్లాస్గో గోదావరి:
సారీ అక్కా, నేను ఒప్పుకోను. అమ్మకి చెప్పకుండా రోజూ వీడియో కాల్‌లో నవ్వడమే నాకు పెద్ద శిక్ష అయిపోయింది. మా అమ్మ నా మొహం చూసి "ఏమైందే" అని అడిగేసింది, చెప్పేశాను, ఇద్దరం కాసేపు ఏడ్చాం, తర్వాత ఆవిడే రోజూ రాత్రి నాతో ఫోన్‌లో ఉండేది. నేను పడుకునేదాకా టీవీ సీరియల్ కథ చెప్పేది. నాకప్పుడు 28. ఫైబ్రోఅడినోమా, తీయక్కర్లేదన్నారు.

అన్నట్టు స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ 28 రోజుల లెక్క ఇంగ్లండ్‌ది. మాకు ఇక్కడ 62 రోజులు, 31 రోజులు అనే వేరే లెక్కలున్నాయి, అవి చికిత్స మొదలుపెట్టడం గురించి.

స్లౌ సీతాకోక:
తెనాలి అక్కా, మీలాంటి అమ్మలుంటే చెప్పకూడదు, గోదావరి అమ్మలాంటి అమ్మ ఉంటే చెప్పొచ్చు. ఎవరి అమ్మ సంగతి వాళ్లకే తెలుసు 😀

తెనాలి అక్క:
అదీ నిజమే.

వరంగల్ వదిన, రెడింగ్:
నేను అమ్మకు చెప్పలేదు, తమ్మునికి చెప్పిన. ఒక్కరన్నా ఉండాలె ఇండియాల, ఫోన్ చేస్తే ఎత్తేటోళ్లు. మనకి రాత్రి ఒంటిగంట అయితే వాళ్లకు పొద్దున్నే, టీ తాగుతుంటరు, మాట్లాడతరు. ఈ టైము తేడా ఎప్పుడూ తిట్టుకునేదాన్ని, అప్పుడు పనికొచ్చింది.

లక్ష్మీనివాసం:
అందరూ లక్ష్మణ ఫలం గుజ్జు, ఆకుల కషాయం 40 రోజులు తాగితే ఎలాంటి గడ్డ అయినా కరిగిపోతుంది, మా బంధువుల్లో ఒకరికి తగ్గింది. బయాప్సీ మాత్రం చేయించుకోకండి, సూది గుచ్చితే ఒళ్లంతా పాకుతుంది. నాకు వాట్సాప్‌లో వచ్చింది పెడుతున్నాను, ఉపయోగపడుతుందని.

మాంచెస్టర్ నర్సమ్మ:
అమ్మా, మంచి మనసుతోనే పెట్టారు, తెలుసు. కానీ సూది గుచ్చితే పాకుతుందనే ఈ తప్పుడు మాట వల్లే మన ఊళ్లలో ఆడవాళ్లు నెలల తరబడి వాయిదా వేస్తారు. బయాప్సీ చేయకుండా అది ఏంటో తెలియదు, ఏ మందు ఇవ్వాలో తెలియదు. లక్ష్మణ ఫలం క్యాన్సర్ తగ్గిస్తుందని మనుషుల్లో నిరూపణ లేదు. పండు తినండి, రుచిగా ఉంటుంది, క్లినిక్‌కి కూడా వెళ్లండి.

నిర్వాహకురాలు:
పై పోస్టు తీసేయమని నలుగురైదుగురు అడిగారు. నర్సమ్మగారి జవాబు దాని కిందే ఉంది కాబట్టి ఉంచేస్తున్నాను, ఎవరికైనా అదే వాట్సాప్‌లో వస్తే ఈ జవాబు దొరుకుతుంది. ఇకపై మందులు, కషాయాలు వద్దు దయచేసి. బ్రాల వల్ల, డియోడరెంట్ వల్ల క్యాన్సర్ వస్తుందనే ఫార్వర్డులు కూడా.

మిల్టన్ కీన్స్ మొగుడు:
మగవాళ్లు రాయొచ్చా ఇక్కడ? మా ఆవిడకి వచ్చే గురువారం క్లినిక్. తను అన్నం సరిగ్గా తినట్లేదు, నాతో మాట్లాడట్లేదు, నేను కదిపితే విసుక్కుంటోంది. నేను డిపెండెంట్‌ని, వీసా ఆవిడదే, కేర్ హోంలో పని. ఒకవేళ ఏదైనా అయితే ఉద్యోగం పోతుందా, వీసా పోతుందా, బిల్లు వేస్తారా అని లోపల తిరుగుతోంది, తనతో అనలేను. ఇలాంటప్పుడు వీసా గురించి ఆలోచిస్తున్నానని తెలిస్తే ఏమనుకుంటుందో.

మాంచెస్టర్ నర్సమ్మ:
రాయండి తమ్ముడూ. తనూ అదే ఆలోచిస్తూ ఉండొచ్చు, నా దగ్గరికొచ్చే కేర్ వర్కర్లలో చాలామందికి జబ్బు కన్నా ముందు వచ్చే భయం అది.

హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లకి వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జ్ నుంచి మినహాయింపు ఉంది, మిగతా చాలా వీసాల వాళ్లు కడతారు. ఎలా అయినా ఆసుపత్రిలో పరీక్షలకి, చికిత్సకి మీకు బిల్లు రాదు. జబ్బు వచ్చిందని వీసా రద్దు చేయరు. జీతం లేని సెలవు 4 వారాలు దాటితే స్పాన్సర్ వీసా వాళ్లకి ఇబ్బంది అనే నియమం ఉంది, కానీ అనారోగ్య సెలవుకి అందులో మినహాయింపు ఉంది. డాక్టరు ఇచ్చే ఫిట్ నోట్ (ఒంట్లో బాగాలేదు, పని చేయలేరు అని రాసే కాగితం) జాగ్రత్తగా పెట్టుకోవాలి, అంతే. క్లినిక్ అపాయింట్‌మెంట్ ఉత్తరం మేనేజర్‌కి చూపించి ఆ రోజు షిఫ్ట్ మార్పించుకోమనండి, ఏ క్లినిక్కో చెప్పాల్సిన పని లేదు, ఆసుపత్రి అంటే చాలు.

వరంగల్ వదిన, రెడింగ్:
తమ్ముడూ, "నేను కూడా వీసా గురించి భయపడుతున్న" అని ఆమెకి చెప్పెయ్. ఇద్దరు ఒకే ఇంట్ల ఒకే భయం దాచుకునుడు ఎందుకు. అన్నం తినకపోతే బలవంతపెట్టకు, పెరుగన్నమో మజ్జిగో పక్కన పెట్టి వెళ్లిపో.

గురువారం నువ్వు పోతే చాలాచోట్ల మగవాళ్లని బయటి హాల్లోనే కూర్చోబెడతరు, లోపలి వెయిటింగ్ రూంల ఆడోళ్లు గౌన్ల మీద ఉంటరు కాబట్టి. నన్ను రానియ్యలేదని గొడవ పెట్టుకోకు. డాక్టరు మాట్లాడేటప్పుడు నువ్వు పక్కన ఉండాలని ఆమె అడిగితే పిలుస్తరు.

మిల్టన్ కీన్స్ మొగుడు:
థ్యాంక్స్ అక్కలూ. చెప్పాను. తనూ అదే అనుకుంటోందట. రాత్రి ఇద్దరం కలిసి తిన్నాం.

స్లౌ సీతాకోక:
❤️

లెస్టర్ బెజవాడమ్మాయి:
డేట్ వచ్చింది! మంగళవారం. వచ్చేదాకా రాలేదని ఏడ్చాను, వచ్చాక గుండె జారిపోయింది. అక్కడ ఏం చేస్తారో మొత్తం ఎవరైనా రాస్తారా, దాచకుండా. తెలియకపోతేనే నాకు ఎక్కువ భయం. పైగా మా వదిన (ఆడపడుచు) ఈ మాట ఎలాగో తెలుసుకుని, అక్కడేం చూస్తారు, టికెట్ తీసుకుని హైదరాబాద్ వచ్చేయ్, రెండు రోజుల్లో తేల్చేస్తారు అంటోంది.

మాంచెస్టర్ నర్సమ్మ:
హైదరాబాద్‌లో మంచి డాక్టర్లున్నారు, ఎవరూ కాదనరు. రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది. కానీ మంగళవారం డేట్ చేతిలో పెట్టుకుని విమానం ఎక్కడంలో అర్థం లేదు. అక్కడ ఏదైనా తేలితే చికిత్స ఎక్కడ, పిల్లలు ఎక్కడ, ఇక్కడికొస్తే ఆ స్లైడులు, రిపోర్టులు మళ్లీ ఇక్కడివాళ్లు చూడాలి. డేట్ నెలల తరబడి దొరక్కపోతే అది వేరే మాట.

ఇక మంగళవారం. వన్ స్టాప్ క్లినిక్ (పరీక్షలన్నీ ఒకే రోజు చేసేది) అయితే దాదాపు సగం రోజు పడుతుంది, ఛార్జర్ తీసుకెళ్లండి. ముందు డాక్టరో స్పెషలిస్ట్ నర్సో అడిగి, చూసి, చేత్తో పరీక్షిస్తారు. ఆడ డాక్టరు కావాలంటే ముందే ఫోన్ చేసి అడగండి, దొరకకపోయినా తోడుగా ఒక నర్సు ఉండమని అడిగే హక్కు మీకుంది. తెలుగు దుబాసీ కావాలన్నా ముందే చెప్తే ఉచితంగా పెడతారు. మీకు అక్కర్లేకపోవచ్చు, కానీ ఇండియా నుంచి వచ్చిన అత్తగార్లని తీసుకెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి, కొడుకు చేత ఈ మాటలు అనువాదం చేయించకండి.

40 దాటారు కాబట్టి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీస్తారు, తర్వాత అల్ట్రాసౌండ్. నలభై లోపువాళ్లకి ఎక్కువగా అల్ట్రాసౌండ్ ఒక్కటే, ఆ వయసులో రొమ్ము దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో సరిగ్గా కనపడదు. మామోగ్రామ్‌లో ఒక్కో రొమ్మునీ రెండు పలకల మధ్య నొక్కుతారు, నొప్పే, కానీ క్షణాల్లో వదిలేస్తారు. అవసరం అనుకుంటే అదే రోజు బయాప్సీ.

బయాప్సీ అన్నారంటే క్యాన్సర్ అని వాళ్లకి తెలిసిపోయిందనుకోవద్దు. స్కాన్‌లో కనపడింది ఏంటో పేరు పెట్టాలంటే ముక్క తీయాల్సిందే, మామూలు ఫైబ్రోఅడినోమాకి కూడా తీస్తారు. తిమ్మిరి ఇంజక్షన్ ఇస్తారు, తర్వాత స్టేప్లర్ కొట్టినట్టు టక్ మని చప్పుడు వస్తుంది, ఆ చప్పుడుకే అందరూ ఉలిక్కిపడతారు. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్‌తో సహా, వేసుకుంటుంటే ముందే చెప్పండి. కొన్నాళ్లు కమిలి ఉంటుంది.

స్లౌ సీతాకోక:
చిన్న చిన్నవి నేను చెప్తా. ఆ రోజు డియోడరెంట్, పౌడర్ వద్దు, ఫిల్మ్‌లో తెల్ల చుక్కల్లా పడతాయట. చుడీదార్ వేసుకెళ్తే మొత్తం విప్పాలి, ప్యాంటు, చొక్కా సుఖం. తాళి సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా, మెడలో గొలుసు మామోగ్రామ్‌కి అడ్డం వస్తుంది. నన్ను వెనక్కి వేసుకోమన్నారు, మా ఫ్రెండ్‌ని తీసేయమన్నారు. అక్కడ గదిలో నిలబడి తీయాలా వద్దా అని ఏడుస్తూ కూర్చోవడం కన్నా ఇంట్లోనే తీసి దేవుడి దగ్గర పెట్టి వెళ్లడం మేలు. మా అత్తగారే "శరీరం బాగుంటే తాళి మళ్లీ వేసుకోవచ్చు" అన్నారు, ఆవిడ నోట ఆ మాట వస్తుందనుకోలేదు నేను.

గ్లాస్గో గోదావరి:
రాత్రిపూట గూగుల్ బదులు బ్రెస్ట్ క్యాన్సర్ నౌ అనే సంస్థ వాళ్ల హెల్ప్‌లైన్ ఉంది, నర్సులే మాట్లాడతారు, 0808 800 6000, ఉచితం. జబ్బు తేలినవాళ్లకే కాదు, ఎదురుచూసేవాళ్లకీ మాట్లాడతారు. పగటి వేళల్లోనే ఉంటుంది కానీ. నేనేం చేసేదాన్నంటే రాత్రి వచ్చిన ప్రశ్నలన్నీ పుస్తకంలో రాసి, రేపు నర్సుని అడుగుతాలే అని మూసేసేదాన్ని. పొద్దున చూస్తే సగం ప్రశ్నలు అడగాలనే అనిపించేది కాదు. ఇంగ్లీష్ కష్టమైన పెద్దవాళ్లకి మాక్‌మిలన్ (ఇంకో క్యాన్సర్ సాయం సంస్థ) లైన్‌లో దుబాసీని కలుపుతారు, భాష పేరు ఇంగ్లీష్‌లో చెప్తే చాలు.

అసలు ఊపిరాడనంత, చచ్చిపోతానన్నంత ఆందోళన అయితే మాత్రం క్లినిక్ దాకా ఆగక్కర్లేదు, జీపీకి ఆ సంగతే చెప్పండి, ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ల 111 నంబర్‌కి చేసినా సరే.

తెనాలి అక్క:
నేను లలితా సహస్రనామం చదివేదాన్ని. నమ్మకం లేనివాళ్లు ఏదైనా బట్టీ పట్టండి, ఎక్కాలైనా సరే. నోరు ఆడుతుంటే ఆలోచన ఆగుతుంది.

లెస్టర్ బెజవాడమ్మాయి:
వెళ్లొచ్చాను. రాయడానికి ఇప్పుడు కుదిరింది.

పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాటింది. చేత్తో చూసింది ఒక లేడీ డాక్టరు, చాలా నెమ్మదిగా. మామోగ్రామ్ తీసే అమ్మాయి మలయాళీ, నా మొహం చూసి ఇండియాలో ఏ ఊరు అని కబుర్లు మొదలుపెట్టింది, అవి అయ్యేలోపు ఫిల్మ్ అయిపోయింది. అల్ట్రాసౌండ్‌లో రెండు సిస్టులు ఉన్నాయన్నారు, నేను తడిమిన గడ్డ మాత్రం సిస్టు కాదట. యూ3 అని రాశారు. అడిగితే, ఒకటి నుంచి ఐదు దాకా లెక్క, రెండంటే మామూలుది, ఐదంటే దాదాపు క్యాన్సరే, మూడంటే చాలావరకు మామూలుదే కానీ స్కాన్ చూసి మాత్రమే ఖాయంగా చెప్పలేం అని డాక్టరు వివరించింది. బయాప్సీ చేశారు. చప్పుడు సంగతి ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే మంచం మీంచి దూకేదాన్ని. లోపల చిన్న లోహపు క్లిప్ పెట్టారు, గుర్తు కోసం.

ఫలితం వచ్చే వారం. డాక్టర్లందరూ మీటింగ్‌లో కూర్చుని చూసి చెప్తారట.

భయం పోయిందా అంటే లేదు. కానీ ముందు ఉన్నంత లేదు, గడ్డ ఎలా ఉందో వాళ్లు చూశారు, ఇక నేను నొక్కి చూసుకునే పని లేదు. అమ్మకి చెప్పలేదు. అన్నయ్యకి చెప్పాను. మా ఆయన ఆ రోజంతా బయటి హాల్లో కూర్చుని, తిరిగొచ్చాక కారులో ఏడ్చాడు. వరంగల్ వదిన చెప్పింది నిజం, వణుకుతూనే ఉన్నాడు ఇన్నాళ్లూ.

వరంగల్ వదిన, రెడింగ్:
మంచిగ చేసినవ్ చెల్లీ. ఫలితం రోజు ఒక్కదానివే పోకు, మంచిదైనా చెడ్డదైనా. డాక్టరు చెప్పింది రాసుకునేటందుకు ఇంకో చెవి కావాలె. ఫోన్‌ల చెప్తరా, రమ్మంటరా అని ముందే అడుగు. రమ్మన్నరంటే ఏదో ఉన్నట్టే అని లెక్కలు వేసుకోకు, కొన్ని ఆసుపత్రులల్ల అందరినీ రమ్మంటరు.

మిల్టన్ కీన్స్ మొగుడు:
మా ఆవిడది కూడా అయింది. సిస్టు, నీళ్లు తీసేశారు, మళ్లీ రానక్కర్లేదన్నారు. బెజవాడక్కా, మీకూ మంచి కబురు రావాలని కోరుకుంటున్నాం ఇద్దరం.

పాలకొల్లు పాప:
అక్కలూ, మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా పాపకి ఏడో నెల, పాలిస్తున్నాను. గడ్డ తగిలింది, పాల గడ్డేమో అని చూశాను, పోలేదు, జీపీ రాశారు. పాలిస్తూ ఉండగా స్కాన్ చేస్తారా? మానేయాలా ముందే? పాపని క్లినిక్‌కి తీసుకెళ్లొచ్చా, ఇక్కడ ఎవరూ లేరు మాకు.

మాంచెస్టర్ నర్సమ్మ:
మానేయకండి. అల్ట్రాసౌండ్ వల్ల పాలకి ఏమీ కాదు, మామోగ్రామ్ తీసినా ఏమీ కాదు. పాలిస్తున్నానని లోపలికి వెళ్లగానే చెప్పండి, స్కాన్‌కి ముందు పాపకి పట్టేస్తే రొమ్ము తేలిగ్గా ఉండి మీకూ వాళ్లకీ సులువు. ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే మాత్రం క్లినిక్ డేట్ దాకా ఆగకండి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే జీపీకి ఫోన్ చేయండి. పాపని తీసుకెళ్లొచ్చా అన్నది ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ఎక్స్‌రే గదిలోకి మాత్రం రానివ్వరు. ఏ ఊళ్లో ఉంటారు మీరు?

పాలకొల్లు పాప:
స్విండన్ అండి.

స్లౌ సీతాకోక:
స్లౌ నుంచి గంటన్నర లోపే. డేట్ రాగానే చెప్పు, నాకు శుక్రవారాలు సెలవు. పాపని నేను చూసుకుంటా.